పాత పికప్‌కి బ్యాటరీ కటాఫ్ స్విచ్: ముందు చెయ్యి అందాలి, తర్వాతే స్విచ్

మన వైపు పాత పికప్‌లు రోజూ తిరిగే బళ్లు కావు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట తోటల్లో కొబ్బరో పనసో దిగే రోజుల్లో ఊపిరాడకుండా తిరుగుతాయి, ఆ తర్వాత వారాల తరబడి షెడ్డులో నిలబడిపోతాయి. ఇలా నిలబడే బండికి రెండు బెడదలు. ఒకటి అందరికీ తెలిసిందే: అవసరమైన రోజు తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’మని ఊరుకుంటుంది. రెండోది జరిగేదాకా ఎవరూ పట్టించుకోరు. ముప్ఫై నలభై ఏళ్ల నాటి తీగల మీద తొడుగు పెళుసెక్కి ఉంటుంది, దాన్ని ఎలుకలు కొరుకుతాయి, షెడ్డు పక్కనే గడ్డికుప్ప ఉంటుంది. బ్యాటరీ నుంచి ఆమ్మీటరుకి, అక్కణ్ణుంచి తాళం స్విచ్‌కి వచ్చే తీగకి చాలా పాత బళ్లలో ఫ్యూజే ఉండదు. అది బాడీకి తగిలితే ఆపేవాడు లేడు. తాళం తీసేసి జేబులో వేసుకున్నా ఆ తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

ఈ రెండింటికీ మందు ఒకటే, బ్యాటరీ కటాఫ్ స్విచ్, అంటే బ్యాటరీకీ బండి తీగలకీ మధ్య సంబంధాన్ని ఒక్క తిప్పుతో తెంపేసేది. కొన్ని వందల రూపాయల నుంచి దొరుకుతుంది. కానీ చాలామంది స్విచ్ కొని, బ్యాటరీ నెత్తిన బిగించి, పనైపోయిందనుకుంటారు. బ్యాటరీ సీటు కిందో నేల కిందో ఉన్న బండిలో అలా బిగిస్తే, పొగ వచ్చిన రోజు సీటు ఎత్తి, మూత విప్పి, అప్పుడు స్విచ్ వెతుక్కోవాలి. అందుకే ఈ పనిని రెండు ముక్కలుగా చూడండి. మొదట బ్యాటరీని ఒక మనిషి ఒక్క పానాతో చేరుకునేలా చెయ్యాలి. తర్వాత స్విచ్‌ని బ్యాటరీ దగ్గర కాకుండా మీ చేతి దగ్గర పెట్టాలి.

“ఏటి బావూ, ఎర్త్ వైరు ఊడదీసేస్తే సరిపోద్ది గదా, దీనికో స్విచ్చెందుకు?” అని పాతకాలపు మేస్త్రీలు అడుగుతారు. సరిపోతుంది, నిజమే. కాని ప్రతిసారీ పానా పట్టుకుని బానెట్ ఎత్తే ఓపిక ఎవరికీ రెండో నెల దాకా ఉండదు. పైగా మాటిమాటికీ ఊడదీసి బిగిస్తే బ్యాటరీ మీద తీగ బిగించే సీసపు మొలక, అదే పోస్టు, అరిగి క్లాంపు వదులైపోతుంది.

మీ బండిలో ఎర్త్ ఏది?

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసింది ఇది. ఇప్పటి బళ్లన్నీ నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ బాడీకి కలిసి ఉంటుంది. పాత బళ్లలో అలాగే ఉంటుందని నమ్మడానికి లేదు. 1960ల మధ్య దాకా బ్రిటిష్ బళ్లలో ఎక్కువ భాగం పాజిటివ్ ఎర్త్‌తో వచ్చినవే. అమెరికా ఫోర్డ్ ట్రక్కులు కూడా 1955 దాకా అంతే, 6 వోల్టులు, ప్లస్సే బాడీకి. పాత విల్లీస్ జీపులు, 1950ల మొదట్లోని షెవర్లే పికప్‌లు 6 వోల్టుల బళ్లే గాని వాటిలో మైనస్ ఎర్త్. ఇన్నేళ్లలో మీ బండిని ఎవరైనా 12కి మార్చి ఉండొచ్చు, ఎర్త్ తిరగేసి కూడా ఉండొచ్చు. పుస్తకంలో ఏముందో కాదు, బండిలో ఏముందో చూడండి. బ్యాటరీ మీద ప్లస్, మైనస్ గుర్తులు చూసి, ఏ పోస్టు నుంచి వెళ్లిన తీగ బాడీకో ఛాసిస్‌కో ఇంజను దిమ్మకో బిగించి ఉందో చేత్తో తడుముతూ పట్టుకోండి. అదే ఎర్త్. ఎరుపు నలుపు రంగులు నమ్మకండి. దొరికిన తీగ వేసేసిన బళ్లు బోలెడు.

ఇకపై ఎర్త్ అన్నచోటల్లా మీ బండిలో బాడీకి వెళ్లే తీగ అని అర్థం. విప్పేటప్పుడు ఎర్త్ ముందు, బిగించేటప్పుడు ఎర్త్ చివర. ఎందుకంటే, ఎర్త్ ఇంకా కలిసి ఉండగా రెండో పోస్టు విప్పుతుంటే, పానా రెండో చివర బాడీకి తగిలిన క్షణంలో వందల ఆంపియర్లు పానా గుండా పోతాయి. పానా ఎర్రబడుతుంది, బ్యాటరీ పేలినా పేలవచ్చు. చార్జింగ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. చేతికి ఉంగరం, రాగి కడియం ఉంటే తీసి జేబులో వేసుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి. పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి. ఆసిడ్ ఒంటి మీద పడితే ఆ నీళ్లతో మొదలుపెట్టి, వెంటనే కుళాయి కిందకి పోయి పావుగంట కడగాలి. కంట్లో పడితే అలాగే కడుగుతూ ఆసుపత్రికి పోవాలి. వంటసోడా ఇనుము మీద చల్లడానికే, కంట్లో వెయ్యడానికి కాదు.

బ్యాటరీకి దారి

పాత పికప్‌లో బ్యాటరీ ఉండే చోట్లు మూడు: బానెట్ కింద, సీటు లేదా కేబిన్ నేల కింద, ఛాసిస్ పక్కన ఇనప పెట్టెలో.

బానెట్ కింద ఉంటే దారి గురించి బెంగ లేదు. చూడాల్సింది పట్టు. మన దగ్గర పట్టీ బోల్టు తుప్పుపట్టి ఊడిపోతే సైకిల్ ట్యూబుతో కట్టేయడం ఆనవాయితీ. ఇంజను వేడికి రబ్బరు నాలుగు నెలల్లో చీలిపోతుంది. గుంతలో పడ్డప్పుడు బ్యాటరీ ఎగిరి ప్లస్ పోస్టు బానెట్‌కి ముద్దు పెడుతుంది. పట్టీ కొత్తది చేయించండి. అడుగున కొక్కెం, పైన మర ఉన్న రెండు పొడుగు బోల్టులు, అడ్డంగా ఒక యాంగిల్ ముక్క, దానికి రబ్బరు తొడుగు. పోస్టు పైభాగానికీ బానెట్‌కీ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ ఎంతో తెలియాలంటే పోస్టు మీద మైనమో మట్టిముద్దో పెట్టి బానెట్ మూసి తెరవండి. నలిగాక ముద్ద ఎంత మందం మిగిలిందో అదే ఖాళీ.

సీటు కిందో నేల కిందో ఉంటే అసలు పనంతా ఇక్కడే. 1940ల చివర, 1950ల మొదట్లో వచ్చిన షెవర్లే పికప్‌లలో బ్యాటరీ కేబిన్ నేల కింద, చిన్న మూత అడుగున ఉంటుంది. పాత బళ్లు చాలావాటిలో ఆ మూత మీద ఎవరో మేట్ అతికించేసి ఉంటారు, లేదా స్క్రూలు తుప్పుతో కలిసిపోయి ఉంటాయి. దాంతో ఆ బ్యాటరీలో నీళ్లు చూసేవాడే ఉండడు. మామూలు ఆసిడ్ బ్యాటరీకి వేసవిలో నెలకోసారైనా మూతలు విప్పి చూడాలి. పలకల మీద 10 నుంచి 12 మిల్లీమీటర్లు నీరు నిలబడి ఉండాలి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. బావి నీళ్లు, మరీ ముఖ్యంగా తీరం ఊళ్లలో ఉప్పు తగిలే నీళ్లు, పొయ్యకండి. మూత తియ్యడం కష్టమైతే ఈ నెల కాకపోతే వచ్చే నెల అనుకుంటాం. ఆ మధ్యలో పలకలు ఎండిపోతాయి.

కాబట్టి మూత స్క్రూలకి ముందురోజు సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలెయ్యండి. మర్నాడు విప్పి, స్టెయిన్‌లెస్ బోల్టులు గ్రీజు రాసి వెయ్యండి. చేత్తో తిప్పే చెవి నట్టులైతే ఇంకా మేలు. మూత లోపలివైపు 3 మిల్లీమీటర్ల రబ్బరు షీటు అతికించండి. ఇది సోకు కోసం కాదు. సీటు కింద బ్యాటరీ ఉన్న బళ్లలో లావుపాటి మనిషి కూర్చోగానే సీటు స్ప్రింగు దిగి రెండు పోస్టులకీ తగిలితే సీటు కిందనుంచే మంట లేస్తుంది. సీటు ఇనుముకీ పోస్టుకీ మధ్య ఖాళీ కొలిచేటప్పుడు ఖాళీ సీటు మీద కాదు, ఇద్దరు కూర్చున్నప్పుడు కొలవండి. గాలి పోయే దారి కూడా వదలాలి. అన్ని వైపులా మూసేసిన పెట్టెలో మామూలు బ్యాటరీ పెట్టకూడదు. గాలి గొట్టం ఉన్న బ్యాటరీ అయితే ఆ గొట్టాన్ని కేబిన్ బయటికి తియ్యండి.

నేలకి కొత్తగా కన్నం కోసి మూత పెట్టాలని కొందరికి అనిపిస్తుంది. బండి యాభై ఏళ్లు దాటిందా? అయితే రంపం పట్టుకునే ముందు ఆగండి. 2021లో కేంద్ర మోటారు వాహన నియమాల్లో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ చేర్చారు. నంబర్ ప్లేటులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. మొదటి రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకోవడానికి 5,000. అందులోని షరతు, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. స్విచ్ బిగించడానికి రెండు బోల్టు రంధ్రాలు ఒక ఎత్తు, కేబిన్ నేల కోసెయ్యడం ఒక ఎత్తు. అసలు మూతనే బాగుచేసుకుంటే ఈ గొడవే లేదు. ఆ రిజిస్ట్రేషన్ మీద బండిని రోజువారీగా గాని కిరాయికి గాని తిప్పకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఛాసిస్ పక్కన పెట్టె ఉన్న బళ్లకి శత్రువు బురద. నారుమడుల మధ్య గట్టు దారుల్లో తిరిగితే పెట్టె అడుగున మట్టి పేరుకుని, తడి నిలిచి, ఆసిడ్ కలిసి ఇనుమును తినేస్తుంది. అడుగున నాలుగు మూలలా నీరు కారిపోయే రంధ్రాలు పెట్టి, చక్రం వైపు రబ్బరు తెర కట్టండి. వీలుంటే రెండు యాంగిళ్ల మీద బయటికి జరిగే ట్రే చేయించండి. 12 వోల్టుల డీజిల్ బ్యాటరీ 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. వంగి, చేతులు చాపి ఎత్తితే నడుం పట్టేస్తుంది. ట్రే జరిగితే తీగలు కూడా జరగాలి, వాటికి ఒక చుట్టు వదులు ఉంచండి.

ఎక్కడున్నా సరే, బ్యాటరీ బయటికి తీసిన రోజే ట్రే కడిగెయ్యండి. గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే ఆసిడ్ ఉన్నచోట బుసబుసా పొంగుతుంది. పొంగడం ఆగేదాకా పొయ్యండి. ఆ నీళ్లు సెల్లులలో పడకుండా మూతలు బిగించి ఉంచండి. ఆరాక తుప్పు గీకి, ప్రైమరు, పైన ఎపాక్సీ పెయింటు.

ఏ స్విచ్ కొనాలి

బజారులో నాలుగు రకాలు కనిపిస్తాయి. పోస్టు మీదే కూర్చునే ఇత్తడి క్లాంపు, దాని మీద ఆకుపచ్చ గుండీ: తిప్పి వదులు చేస్తే కరెంటు ఆగుతుంది. చవక, బానెట్ కింద బ్యాటరీ ఉండి నెలకోసారి కదిలే పెట్రోలు బండికి పరవాలేదు. కాని పోస్టు ఎత్తును దాదాపు అంగుళం పెంచుతుంది, సీటు కింద అది ప్రమాదం. రెండోది కత్తి ఆకారపు పిడి ఉన్నది. మొదటిదాని కంటే నమ్మకం, ఇబ్బంది మాత్రం అదే. మూడోది ఎర్ర ప్లాస్టిక్ తాళంతో తిరిగేది, తాళం ఊడదీసుకుని పోవచ్చు. దొంగకి కొంత అడ్డు. నాలుగోది పడవల్లో వాడే గుండ్రటి పెద్ద స్విచ్.

నేనైతే మూడోదో నాలుగోదో తీసుకోమంటాను. వాటినే బ్యాటరీకి దూరంగా పెట్టగలం. కొనేటప్పుడు పెట్టె మీద రెండు అంకెలు చూడండి: ఎడతెగకుండా ఎన్ని ఆంపియర్లు మోస్తుంది, కొద్ది సెకన్లకి ఎన్ని మోస్తుంది. చిన్న పెట్రోలు ఇంజను సెల్ఫ్ 150 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. డీజిల్ అయితే 300, 400, చలి ఉదయాన ఇంకా ఎక్కువ. ఎర్ర తాళం రకం చాలావాటి మీద 100 ఆంపియర్లు, కొద్ది సెకన్లకి 500 అని ఉంటుంది. పెట్రోలు జీపుకి చాలు. డీజిల్ పికప్‌కి ఎడతెగకుండా 300 మోసే గుండ్రటి స్విచ్ తీసుకోండి. 6 వోల్టుల బండి అయితే అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి. ఇంజను చిన్నదే కదా అని చిన్న స్విచ్ కొనకండి.

అంకెలేవీ అచ్చువేయని స్విచ్ వద్దు. జేబులో చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. ఇత్తడి అని అమ్మేదానికి అది అతుక్కుంటే లోపల ఇనుమే, పైన పూత. బుడితి ఇత్తడి సామాను చూసి పెరిగిన జిల్లా మనది, ఈమాత్రం గుర్తుపట్టలేకపోతే ఎలా.

తీగ విషయంలో మోసం ఇంకా ఎక్కువ. వెల్డింగు కేబుల్ ఈ పనికి బాగుంటుంది, సన్న పోగులు, చక్కగా వంగుతుంది. పెట్రోలుకి 35, డీజిల్‌కి 50 స్క్వేర్ ఎమ్ఎమ్ అడగండి, 6 వోల్టులకీ 50కి తగ్గొద్దు. అల్యూమినియం కేబుల్ కూడా అదే నల్ల తొడుగులో అమ్ముతారు. ముక్క చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. తెల్లగా ఉన్నంత మాత్రాన అల్యూమినియం అనుకోకండి, తగరం పూత ఉన్న రాగి కూడా తెల్లగానే ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల ఎర్రగా కనిపించాలి.

స్విచ్ ఎక్కడ, ఏ తీగలో

ఎర్త్ తీగలోనే పెట్టండి. ప్లస్ తీగలో పెడితే స్విచ్ దాకా వెళ్లే తీగ, స్విచ్ వెనక బోల్టు ఎప్పుడూ కరెంటుతో ఉంటాయి. ఫ్యూజు లేని తీగను కేబిన్‌లోకి తెచ్చి కొత్త ప్రమాదం కొనుక్కున్నట్టే. ఎర్త్ తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే జరిగేదల్లా స్విచ్ పని చెయ్యకపోవడమే, మంట పుట్టదు. పాజిటివ్ ఎర్త్ బండిలో ఇదే మాట ప్లస్ తీగకి వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ ఎర్త్ అదే.

చోటు ఎంచుకునేటప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని చెయ్యి చాపండి. చెయ్యి సహజంగా వెళ్లేచోటు, సీటు దిమ్మ ముందు పక్కనో హ్యాండ్‌బ్రేకు దగ్గరో, మంచిది. తలుపు తీసి కింద నిలబడి కూడా అందాలి. మంట లేస్తే మీరు లోపలికి ఎక్కరు కదా. ఎక్కేటప్పుడు కాలు తగలకూడదు, చిన్నపిల్లలు ఆడుకునేలా ఉండకూడదు, వాన జల్లు నేరుగా పడకూడదు. బానెట్ లోపల మాత్రం వద్దు. పొగ బానెట్ కిందనుంచి వస్తుంటే బానెట్ ఎత్తడమే చెయ్యకూడని పని.

బిగింపు

ఎర్త్ క్లాంపు విప్పి పక్కకి కట్టెయ్యండి, తర్వాత రెండోది. ఇప్పుడు ఆ ఎర్త్ పోస్టుకి ఎన్ని తీగలు బిగించి ఉన్నాయో లెక్కపెట్టండి. పాటల పెట్టెకి, ఫాగ్ లైట్లకి, ఎవరో వేసిన హారన్‌కి సన్నని తీగలు ఒకటి రెండు నేరుగా పోస్టుకే చుట్టి ఉంటాయి. స్విచ్ ఉన్నా లేనట్టే చేసేవి ఇవే. పెద్ద తీగకి అడ్డంగా స్విచ్ పెట్టి, ఈ సన్నతీగను పోస్టు మీదే వదిలేస్తే, మీరు స్విచ్ ఆపినా కరెంటు దీని గుండా దారి వెతుక్కుంటుంది. ఆ స్థితిలో ఎవరైనా సెల్ఫ్ కొడితే 200 ఆంపియర్లు పెన్సిలంత లేని తీగ మీద పడి అది కాలిపోతుంది. పోస్టు మీద ఒకే ఒక్క తీగ ఉండాలి, అది స్విచ్‌కి పోవాలి. మిగతావన్నీ స్విచ్ రెండోవైపు బోల్టుకో, బాడీకో.

బ్యాటరీ ఎర్త్ పోస్టు నుంచి స్విచ్ ఒక బోల్టుకి ఒక ముక్క. స్విచ్ రెండో బోల్టు నుంచి ఛాసిస్‌కి, లేదా ఇంకా మంచిది సెల్ఫ్ బిగించిన ఇంజను దిమ్మకే, రెండో ముక్క. ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య అల్లిక పట్టీ ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి పట్టీ తెగిపోతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటరు కేబుల్ గుండానో చోక్ తీగ గుండానో పోతుంది. చోక్ లాగితే చెయ్యి చుర్రుమంటోందంటే కారణం అదే.

లగ్గులు, అంటే బోల్టుకి తగిలించడానికి తీగ కొసకి వేసే కన్నపు ముక్కలు, సుత్తితో కొట్టి నలపొద్దు, ఒట్టి టంకం మీద కూడా ఆధారపడొద్దు. హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్‌తో నొక్కించండి. లారీల పని చేసే ఆటో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. సాలూరు వైపు వెళ్లే పనుంటే అక్కడ ఇంకా సులువు, లారీలకి పెట్టింది పేరు ఆ ఊరు. కొలతలు ముందే తాడుతో తీసుకుని పోతే రెండు తీగలూ ఒకే కూర్చుడులో అయిపోతాయి. నొక్కిన చోట వేడికి ముడుచుకునే గొట్టం వెయ్యండి. అది తీగలోకి తేమ పోకుండా ఆపుతుంది. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం గాలిలో, తెరిచి ఉన్న రాగి ఒక్క వానాకాలానికి పచ్చగా చిలుము పట్టేస్తుంది.

స్విచ్ బోల్టు మీద లగ్గు నేరుగా రాగి మొదలుకి ఆనాలి. తర్వాత వాషరు, స్ప్రింగు వాషరు, నట్టు. ఇనప వాషరు లగ్గు కింద వేస్తే కరెంటు ఆ ఇనుము గుండా పోవాల్సి వచ్చి వేడెక్కుతుంది. అలాగని బలం ఉంది కదా అని బిగించెయ్యకండి, రాగి బోల్టు మర తేలిగ్గా జారిపోతుంది. ఛాసిస్ మీద బిగించే చోట రంగు గీకి ఇనుము మెరిసేలా చెయ్యాలి. బిగించాక మీద వాజలైన్ రాయాలి. పాత జీపుల్లో కొన్ని నట్టులు అంగుళాల సైజువి, మిల్లీమీటరు పానా ‘ఇంచుమించు’ పడుతుంది కాని మూలలు కొరికేస్తుంది. ఇనుము గుండా తీగ వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రామెట్, అంటే తీగ ఒరుసుకోకుండా రంధ్రం అంచుకి వేసే రింగు, తప్పదు.

చివరగా స్విచ్ ఆపి ఉంచి, రెండో పోస్టు క్లాంపు ముందు, ఎర్త్ క్లాంపు తర్వాత బిగించండి. స్విచ్ ఆపి ఉంది కాబట్టి ఎర్త్ తగిలించేటప్పుడు చిన్న రవ్వ కూడా రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో ఇంకో దారి ఉంది.

పరీక్ష

స్విచ్ ఆపి ఉంచే, ఒక టెస్ట్ బల్బు తీసుకుని బ్యాటరీ ప్లస్ పోస్టుకీ ఛాసిస్‌కీ మధ్య పెట్టండి. వెలగకూడదు. వెలిగితే ఏదో మైనస్ తీగ స్విచ్‌ని దాటుకుని బాడీకి చేరుతోంది, వెనక్కి వెళ్లి వెతకండి. (పాజిటివ్ ఎర్త్ బండిలో మైనస్ పోస్టుకీ ఛాసిస్‌కీ మధ్య.) తర్వాత హారన్ నొక్కండి, హెడ్‌లైట్ వెయ్యండి. ఏదీ పలకకూడదు.

ఇప్పుడు స్విచ్ వేసి, మల్టీమీటరును 2 వోల్టుల డీసీ మీద పెట్టి, రెండు సూదులూ స్విచ్ రెండు బోల్టుల మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులు దాటకూడదు. 200 ఆంపియర్ల దగ్గర 0.2 వోల్టులంటే స్విచ్ లోపలే 40 వాట్ల వేడి. అంతకు మించితే లగ్గు వదులుగా ఉందో, స్విచ్ నాసిదో. ఇదే పద్ధతిలో బ్యాటరీ పోస్టు నుంచి ఇంజను దిమ్మ దాకా కొలిస్తే ఎర్త్ దారి మొత్తం తెలిసిపోతుంది.

స్విచ్ పెట్టినందుకు ఒక లాభం ఎవరూ చెప్పరు. బ్యాటరీని ఏది తాగేస్తోందో ఇప్పుడు కూర్చున్నచోటే తెలుసుకోవచ్చు. స్విచ్ ఆపి, తాళం తీసి, మల్టీమీటరును 10 ఆంపియర్ల మీదికి మార్చి స్విచ్ బోల్టుల మీద ఆనించండి. గడియారం, పాటల పెట్టె లేని పాత బండిలో దాదాపు సున్నా రావాలి. ఆ స్థితిలో సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటరు పోతుంది. 0.3 ఆంపియర్లు వచ్చిందనుకోండి, రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో సగం ఖాళీ. డైనమో ఉన్న బండిలో కటౌట్ (బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపేది) పాయింట్లు అతుక్కుపోవడం, ఆల్టర్నేటరు బండిలో డయోడు కారడం మామూలుగా దొరికే దొంగలు. ఒక్కో తీగ ఊడదీస్తూ మీటరు చూస్తే పట్టుబడతాయి.

వాడుక

ఇంజను నడుస్తుండగా స్విచ్ ఆపకండి, పొగో మంటో వస్తే తప్ప. ఆల్టర్నేటరుకి బ్యాటరీ ఒక్కసారిగా తెగితే వోల్టేజి ఎగదన్ని డయోడ్లు, రెగ్యులేటరు పోతాయి. పైగా ఇంజను ఆగకపోవచ్చు కూడా, ఆల్టర్నేటరు తనే కరెంటు ఇస్తూ ఉంటుంది. డీజిల్ అయితే అసలే ఆగదు, దానికి కరెంటుతో పనే లేదు. స్టాప్ నాబ్ లాగితేనే ఆగుతుంది. ఈ సంగతి బండి ఇచ్చే ప్రతి డ్రైవరుకీ చెప్పండి. మంట వచ్చిన రోజు చెయ్యాల్సిన వరస: స్టాప్ నాబ్, తాళం, కటాఫ్, దిగిపోవడం.

మామూలు రోజుల్లో ఇంజను ఆపి, తాళం తీసి, అప్పుడు స్విచ్. ఎర్ర తాళం రకానికి రెండో తాళం ఇంట్లో ఉంచండి, ఆ ప్లాస్టిక్ చెవి ఎండకి పెళుసెక్కి విరిగిపోతుంది. నేల కింద బ్యాటరీ ఉన్న బళ్లకి, ఇంకో బండి నుంచి కరెంటు తీసుకోవడానికి ప్లస్ బోల్టు ఒకటి బయటికి తీస్తే సుఖమే. దానికి గట్టి ఎర్ర రబ్బరు టోపీ ఉండాలి. అది స్విచ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ బ్యాటరీకి కలిసి ఉండే బోల్టు.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వచ్చిందంటే షెడ్డులోని బండికి కటాఫ్ తప్పనిసరి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన వైపుని ఎలా పట్టి కుదిపాయో చూసినవాళ్లమే. నీరు ఛాసిస్ దాకా వస్తే, అందులోనూ ఉప్పు నీరైతే, కరెంటు ఉన్న తీగల కొసలు, కనెక్టర్లు రోజుల్లో తినేసినట్టు పోతాయి. స్విచ్ ఆపి ఉంటే తడి మాత్రమే మిగులుతుంది, అది ఆరబెట్టుకోవచ్చు. వీలైతే బ్యాటరీనే తీసి అరుగు మీద పెట్టుకోండి. చేరుకునే దారి ముందే చేసుకున్నారు కాబట్టి పది నిమిషాల పని.

స్విచ్ ఆపినంత మాత్రాన బ్యాటరీ నిండుగానే ఉండిపోదు. దానంతటదే కొంత దిగుతుంది, ఎండాకాలంలో ఇంకా తొందరగా. నెలకోసారి, బండి ఆపిన కొన్ని గంటల తర్వాత, పోస్టుల మీదే వోల్టులు చూడండి. 12.6 అంటే నిండు, 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 6 వోల్టుల బ్యాటరీకి ఇందులో సగం చొప్పున లెక్కవేసుకోండి. 12.4 కంటే తగ్గితే చార్జరు పెట్టాల్సిందే, సగం దిగిన బ్యాటరీని నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ కోలుకోదు. చార్జరు క్లిప్పులు రెండూ బ్యాటరీ పోస్టుల మీదే పెట్టండి, ఛాసిస్ మీద కాదు, స్విచ్ ఆపి ఉంటే ఛాసిస్‌కి బ్యాటరీతో సంబంధం ఉండదు. క్లిప్పులు పెట్టాకే చార్జరు స్విచ్ వెయ్యాలి. తీసేటప్పుడు ముందు చార్జరు ఆపి, తర్వాత క్లిప్పులు.